అలసందల సూపులో మాంసం

కోడలు కుక్కరు మూత తీసినప్పుడు అలసందలు, మాంసం కలిసి ఉడికిన ఆవిరి వంటింట్లో నుంచి నా మంచం దాకా వస్తుంది. ఆకలి పుట్టవలసిన వాసన అది. నాకు మాత్రం ముందు ఒక ప్రశ్న పుడుతుంది: ఈ మాంసం ఎక్కడిది? ఉదయం దుకాణం నుంచి తెచ్చింది నా కొడుకే అని తెలిసీ అడుగుతాను. కోడలు విసుక్కోదు, ముసలిదాని చాదస్తం అనుకుంటుంది. ఆ ప్రశ్న వెనుక ఎస్తేరమ్మ ఉన్నదని ఆమెకు తెలియదు.

అప్పటికి మార్కాపురం, గిద్దలూరు వైపు ఊళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలో ఉండేవి. నేను మా మిషను ఆడపిల్లల బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను. బోర్డింగు వంటశాల పెత్తనం కూడా నాకే ఇచ్చారు. అక్కడ వంట చేసేది ఎస్తేరమ్మ. విధవరాలు, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. నేను అత్తా అని పిలిచేదాన్ని. మా బడి నడిపే దొరసాని ఓడ మీద తెప్పించుకున్న కుక్కరు ఒకటి ఆమె చేతిలో ఉండేది. ఇప్పటి కుక్కర్లలాగా చిన్నది కాదు, ఇద్దరు పట్టి పొయ్యి మీదికి ఎత్తాలి. మూత చుట్టూ ఆరు మరలు బిగించాలి. పైన గడియారంలాంటి బిళ్లలో ముల్లు కదిలేది. దొరసాని సెలవు మీద వాళ్ల దేశం పోతూ దాని పని ఒక్క ఎస్తేరమ్మకే నేర్పింది. పేలుతుందన్న భయంతో మేమెవరం దగ్గరికి పోయేవాళ్లం కాదు. నాకు భయంతో పాటు అనుమానం కూడా ఉండేది. కుండ అయితే మూత తీసి గరిటెతో కలిపి చూడవచ్చు. ఇందులో ఏమున్నదో వండినామె చెబితేనే తెలియాలి.

ఆ ఏడు వానలు వెనకబట్టగానే బోర్డింగులో పదకొండుమంది పిల్లలకు చలిజ్వరం వచ్చింది. జ్వరం దిగినా మంచం దిగలేకపోయారు. అలసందల సూపులో మాంసం వేసి తాగించమని మిషను డాక్టరు చెప్పాడు. సరిగ్గా ఆ వారమే చుట్టుపక్కల ఊళ్లలో పోలేరమ్మ జాతర. ఇంటింటా మేకపోతును కోసుకుంటారు కనుక కటిక దుకాణం మూసేశారు. జాతర వారంలో మాంసం ముక్క కాంపౌండు గేటు దాటి లోపలికి రాకూడదన్నది మా క్రైస్తవ సంఘం కట్టుబాటు. ఎవరు ప్రేమగా చేతిలో పెట్టినా అది విగ్రహానికి అర్పించినదేమో అన్న భయం. మా నాయన అయితే ఆ వారం రోజులు చుట్టాల ఇంట మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. నేను ఆయన కూతురిని.

అట్లాంటి వారంలో గురువారం నాడు సూపులో మాంసం కనిపించింది. ఎస్తేరమ్మ ముందు ఎముకలతో సహా మాంసం వేసి మూత బిగించింది. కొంతసేపటికి ఆవిరి వదిలి, మరలు విప్పి, నానబెట్టిన అలసందలు పోసి మళ్లీ బిగించింది. తలుపు దగ్గర నిలబడి అదంతా చూశాను.

"రెండుసార్లు ఎందుకు తెరిచినావత్తా?" అని అడిగాను.

"రెండూ ఒక్కసారే వేస్తే అలసందలు గుజ్జయిపోతాయి పంతులమ్మా."

దుకాణం మూసి ఉంటే మాంసం ఎక్కడిదన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ నా వైపు చూడలేదు. "తినగూడనిది కాదులేమ్మా. పిల్లకాయల ముందర మాత్రం అడగొద్దు."

పిల్లల ముందు ఎందుకు అడగకూడదు? ఆ మాట నన్ను వదల్లేదు. ఆమెకు ఒక ముసలి పాడిమేక ఉండేది. ముందురోజు సాయంత్రం నుంచి అది కనబడటం లేదు. కొనకనమిట్లలోని తమ్ముడి దగ్గరికి తోలించినానని పిల్లలతో చెప్పింది. ఆ తమ్ముడు సంఘంలో చేరినవాడు కాదు. అక్కడా జాతరే. మేక అటు పోయింది, మాంసం ఇటు వచ్చింది. మేకను ఇచ్చి జాతర మాంసం తెచ్చుకున్నదని నా లెక్క తేలిపోయింది.

సంఘపెద్ద యోహానయ్యకు గిన్నెలో సూపు పట్టుకుపోయి చూపించాను. పెళ్లిళ్లలో మాంసం వండించిన మనిషి; ఆయన నాలుక మీద అందరికీ నమ్మకం. ముక్క నోట్లో పెట్టుకుని, తన మేకనే కోసినానని ఎస్తేరమ్మ రేపు అనకుండా ముందే తేల్చేశాడు. "ముసలి మేక గంటలో ఇట్ల ఉడుకుతుందా? ఇది లేత పోతు." జాతరలో కోసేది అటువంటి పోతులనే.

శనివారం పెద్దలు ఆమెను పిలిపించారు. ఎన్ని విధాల అడిగినా, అది అర్పించింది కాదు, మిగతాది వచ్చే నెల చెబుతాను అన్నదే ఆమె జవాబు. చెప్పేదాకా ఆమెను, ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్లకు దూరం పెట్టాలని తీర్మానించారు. మరునాడు ఆరాధనలో అందరి ముందూ ఆ మాట ప్రకటించారు. రొట్టె పళ్లెం వచ్చినప్పుడు ఆమె రెండు చేతులా అందుకుని, తను తీసుకోకుండా పక్కనున్నామెకు ఇచ్చింది. నేను వెనుక వరుసలో కూర్చుని చూశాను. సంఘాన్ని కాపాడినానని అనుకున్నాను.

అంతటితో ఆగలేదు. సోమవారం ఆమె నీళ్లకు పోయిన వేళ చూసి ఆమె ఇంటి పెరట్లోకి పోయాను. గోడ వారగా గంప బోర్లించి ఉంది. గంప ఎత్తితే ఉప్పు, ఉప్పు కింద తోలు. నల్లని తోలు, నుదుట తెల్లమచ్చ, చిరిగిన ఎడమ చెవి. పొదుగు గుర్తులు కూడా ఉన్నాయి. చెవి చిరిగిన ఆడమేకను ఏ దేవతకూ ఎవరూ ఇవ్వరు. అది మా బోర్డింగు ముంగిట్లో తిరిగిన మేకే. యోహానయ్య నాలుక అబద్ధం చెప్పలేదు. కాకపోతే ముసలి మేకను ఆ కుక్కరులో వండితే ఎట్లా ఉంటుందో మాలో ఎవరమూ అంతవరకు తిని ఎరగం.

వెనుక బిందె దించిన చప్పుడైంది. ఎస్తేరమ్మ కోపపడలేదు. "అడగడానికి రాలేదు కదమ్మా నువ్వు. వెదకడానికి వచ్చినావు," అంది.

నేను గంప వదిలి లేచాను. ఆమే గంప మళ్లీ బోర్లించింది. "సుశీల ఇంకా మంచం దిగలేదు. దీని మెడ కావలించుకొని పాఠాలు చదివేది ఆ పిల్ల. తెలిస్తే గుక్క తాగదు. పెద్దోళ్ల చెవిన పడితే పొద్దు వాలకముందే పిల్లకాయలకు తెలిసిపోతుంది."

"నిన్ను బల్లకు దూరం పెట్టినారే అత్తా. నేను పోయి చెప్తాను."

"ఒక నెల నేను ఓర్చుకుంటా. ఆ పిల్ల ఓర్చుకోలేదు."

ఆ నెలంతా నోరు మూసుకుని ఉండటమే నాకు పడిన శిక్ష. బావి దగ్గర ఆడవాళ్లు ఆమె బిందె తమ బిందెలకు తగలకుండా జరుపుకునేవారు. నేను చూస్తూ ఉండేదాన్ని. సుశీల లేచి బడికి వచ్చిన తరువాత, ఆ వచ్చిన ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి అంతా చెప్పాను. యోహానయ్య ఆమె ముందుకు వచ్చి చేతులు జోడించాడు. సుశీల మాత్రం ఏడుస్తూ బయటికి పోయింది. పదిహేను రోజులు ఎస్తేరమ్మ చేతి కూడు ముట్టలేదు. ఆమె రోజూ ఆ పిల్లకు విడిగా గంజి కాచి, వేరొకరితో పంపించేది.

అనుమానం తీసివేయమని ప్రభువును ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. తీసివేయలేదు. మనుషుల మీద పుట్టినంత త్వరగా నా మీద కూడా పుట్టేటట్లు మాత్రం చేశాడు. ఎందుకంటే సంఘం ముందు ఒప్పుకున్నప్పుడు నేను ఒక్క మాట దాచుకున్నాను. అది ఎస్తేరమ్మకు కూడా చెప్పకుండానే ఆమెను మట్టికి అప్పగించాను. ఆ రోజు పెరట్లో ఉప్పు తోస్తే తోలు అంచు కనబడగానే, అది ఏ మేకదో గుర్తుపట్టకముందు, ఆమె దొరికిపోయిందని నాకు సంతోషం కలిగింది.