మొండిగోడల దివాకర్

మా మోరిస్‌విల్‌లో దివాకర్ అంటే ఏ దివాకర్ అని అడుగుతారు. మొండిగోడల దివాకర్ అంటే ఓ ఆయనా అంటారు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడు మరెవరో కాదు, మా ఆయన బ్రహ్మయ్యే. "విమానం ఎక్కిస్తాడంట, వ్యాన్‌లో తిప్పుతాడంట, కొండ ఎక్కిస్తాడంట, తీరా పైకెళ్ళాక మొండిగోడలు చూపిస్తాడంట. దానికి మనం ఆఫీస్‌కి లీవ్ పెట్టాలంట" అని ఒక బర్త్‌డే పార్టీలో అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. దివాకర్ కూడా నవ్వాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకోవడమే ఆ మనిషికి తెలుసు. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అతనిది వరంగల్ కోట పక్క ఊరు. బడి ఎగ్గొట్టి ఆ విరిగిన రాతి స్తంభాల మధ్య తిరుగుతూ పెరిగాడు. అమెరికా వచ్చి ఇరవై ఏళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాడు. సిటిజన్‌షిప్ చేతికొచ్చిన ఏడాదే లేఆఫ్ అయ్యాడు. యాభై దాటిన మనిషికి ఇంటర్వ్యూ అంటే ఏముంది, కెమెరాలో నెరిసిన జుట్టు కనపడగానే అవతలి కుర్రాడి గొంతు మారిపోతుంది. కొన్నాళ్ళు అలా తిరిగి తిరిగి విసిగి, ఒకసారి ఒక్కడే న్యూ మెక్సికో వెళ్ళొచ్చాడు. వచ్చాక ఇంక ఉద్యోగం మాటే లేదు. వెయ్యేళ్లనాటి రాతి ఇళ్ళు, ఆ పక్క ఊళ్ళ తిండి, కొండ నడక, ఈ మూడూ కలిపి ఒక వ్యాన్‌లో పట్టేంత మందిని మాత్రమే తీసుకెళ్ళే టూర్ మొదలుపెట్టాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఇంతకీ మొండిగోడలు న్యూ మెక్సికోలో ఎవరికైనా కనపడతాయి. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని పోతే నేషనల్ పార్కుల్లో బోలెడు. దివాకర్ దగ్గర మాత్రమే ఉన్నది ఒకటుంది. ఒక చిన్న నేటివ్ అమెరికన్ ఊరివాళ్ళు, వాళ్ళ సొంత నేలలో, వాళ్ళ పూర్వీకులు కట్టుకున్న ఇళ్ళను చూపించడానికి ఇతన్ని నమ్మారు. బయటివాళ్ళలో ఇంకెవర్నీ నమ్మలేదు. నమ్మకం ఊరికే రాలేదు. ఆ ఊళ్ళో లొరెయిన్ అనే పెద్దావిడ రోడ్డు పక్కన పచ్చిమిర్చి కూర, మొక్కజొన్న రొట్టె అమ్మేది. అక్కడ తినడానికి ఆగిన దివాకర్ మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. వానలకు ఆమె గుడిసె కప్పు కూలితే నిచ్చెనెక్కి మేకులు కొట్టాడు. మూడో ఏట ఆమె ఊరి పెద్దలతో మాట్లాడి ఒప్పించింది. షరతు ఒక్కటే: ఏదీ తీసుకోకూడదు, ఏదీ వదలకూడదు. అది తప్పితే దారి మూసేస్తారు. దివాకర్ ప్రతి ట్రిప్‌లో, వ్యాన్ కదిలే ముందు, ఈ మాట తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పేవాడు.

అతని భార్య ఉజ్వల ఒక్క ట్రిప్‌కీ వెళ్ళలేదు. పాపం ఆమెను అనడానికి లేదు. ఇల్లు ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది, పైగా పార్టీల్లో 'మీ వారి గోడలెలా ఉన్నాయి' అనే వెక్కిరింతలు. పోయిన వేసవి ముందు మా వంటింట్లోనే ఇద్దరూ గొడవపడ్డారు.

"ఇగ చాలు" అంది ఉజ్వల. "ఏదన్న స్టోర్‌లో చెయ్యి, డ్రైవింగ్ చెయ్యి. గీ టూర్ బంద్ చెయ్యి. నాకు సిగ్గయితుంది."

దివాకర్ అప్పుడూ నవ్వాడు, కానీ ఆ నవ్వు పెదవి దాటలేదు. "ఒక్కసారి వచ్చి చూడు. చూసినంక గూడ బంద్ చెయ్యమంటే చేస్త. మళ్ళ నోరెత్తను."

అదీ సంగతి. ఆ ట్రిప్‌తో అతని బతుకు తేలిపోవాలి. వ్యాన్ నిండాలి కదా అని మేమిద్దరం బయల్దేరాం. మా ఆయన మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూనే వచ్చాడు. హెర్న్‌డన్ నుంచి దైవాశీర్వాదం, లూసీ అనే జంట వచ్చారు. ఒంగోలు వాళ్ళు, ఆదివారం చర్చి తప్పని మనుషులు, మహా సరదాగా ఉంటారు. దైవాశీర్వాదం గారి సూట్‌కేస్ తెరిస్తే అందులో బట్టల కన్నా ముందు రైస్ కుక్కర్ కనపడింది.

"అన్నా, ఇది లోకల్ ఫుడ్ టూర్" అన్నాడు దివాకర్ చేతులు జోడించి.

"లోకల్ ఫుడ్ తింటాం బ్రదర్. తిన్నాక అన్నం తింటాం" అన్నాడాయన.

తీరా లొరెయిన్ వండిన కూర నోట్లో పెట్టుకున్నాక కుక్కర్ మాట ఎవరూ ఎత్తలేదు. మిరపకాయలు నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, మాంసంలో వేసి ఉడికించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లూసీ మూడోసారి వడ్డించుకుంటూ "ఇది మా అమ్మ చేతి రుచి" అంది. ఉజ్వల కూడా గిన్నె ఖాళీ చేసింది. దివాకర్ తన గిన్నె ముట్టకుండా ఆమె గిన్నె వైపే చూస్తూ కూర్చున్నాడు. మా ఆయనకి కూడా జాలేసినట్టుంది, గోడల జోకు ఒక్కటి కూడా వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే లొరెయిన్ వెంట కొండెక్కాం. ఎండ ఎక్కకముందే సగం దారి పోవాలని దివాకర్ తొందరపెట్టాడు. రాతిలో కాలి వేళ్ళు పట్టేంత గుంటలు, వాటి పైన కర్ర నిచ్చెన. మా ఆయన్ని నేను కింద నుంచి, దివాకర్ పైనుంచి లాగి, మొత్తానికి చేర్చాం. పైన కొండ కడుపులో, నీడలో, చిన్న చిన్న గదులు. గోడలకు మట్టి పూసిన వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆ వేళ్ళు ఆడవాళ్ళవి అని లొరెయిన్ చెప్పింది.

చివరి గదిలో మూడు రాళ్ళు వాలుగా పాతి వరసగా ఉన్నాయి. మొక్కజొన్న నూరే రాళ్ళు. ఆడపిల్లలు ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, పక్కపక్కన, పాటలు పాడుకుంటూ పిండి చేసేవాళ్ళట. రాళ్ళు మధ్యలో అరిగి పల్లంగా ఉన్నాయి.

ఉజ్వల అక్కడ ఆగిపోయింది. "మా నాయనమ్మ ఇసుర్రాయి గిట్లనే అరిగిపోయి ఉండె" అంది. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుంది. దివాకర్ అది లొరెయిన్‌కి చెప్తే ఆమె ఉజ్వల భుజం మీద చెయ్యి వేసింది. నా కళ్ళు కూడా తడిశాయి, ఎందుకు దాచాలి.

అందరం బయటికి నడుస్తుంటే ఉజ్వల "మీరు నడువుండ్రి, నేనొస్త" అంది. కాస్త వెనక వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. అందరి ముందూ దివాకర్ చెయ్యి పట్టుకుంది.

"బంద్ చెయ్యకు" అంది. "నడిపిద్దాం. ఇగ ప్రతి ట్రిప్‌కి నేను గూడ వస్త. నాకిన్నొద్దులు తెల్వలే."

దివాకర్ ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. మొదటిసారి ఆ మనిషి నవ్వకుండా ఉండటం చూశాను. దైవాశీర్వాదం గారు "దేవునికి స్తోత్రం" అని గట్టిగా అన్నారు. ఉజ్వలను, లూసీ వాళ్ళను నిచ్చెన దిగమని పంపించి, దివాకర్ మా ఆయన మోకాళ్ళ కోసం మాతో ఆగాడు. లొరెయిన్ ఎప్పటిలాగే గదులన్నీ ఒకసారి చూసి రావడానికి లోపలికి వెళ్ళింది.

"దివాకర్" అని పిలిచింది. గట్టిగా కాదు. అయినా ముగ్గురం గబగబా లోపలికి వెళ్ళాం.

మధ్య రాయికి పసుపు. నీళ్ళతో తడిపి, పల్లం నిండా, అరచేత్తో చక్కగా పూసిన పసుపు. దాని మీద కుంకుమ బొట్లు. మనింట్లో పెళ్ళి పనులు మొదలుపెట్టే రోజు రోలుకీ తిరగలికీ ఎలా పెడతామో అచ్చం అలాగే. ఉజ్వల హ్యాండ్‌బ్యాగ్‌లో కుంకుమ భరిణె, పసుపు పొట్లం ఎప్పుడూ ఉంటాయి, మా మోరిస్‌విల్‌లో అందరికీ తెలుసు. ఏదీ తీసుకోకూడదని ఆమెకు తెలుసు, తీసుకోలేదు. వదలకూడదంటే చెత్త అనుకుంది. పసుపు పెట్టడం వదలడం అవుతుందని మనలో ఎవరికి తోస్తుంది చెప్పండి?

మా ఆయన చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం. ఎవరూ ఆపేలోపు తడి టిష్యూతో ఆ రాయిని తుడవడం మొదలుపెట్టాడు. పసుపు ఇంకా లోపలికి దిగి అంచులదాకా పాకింది.

"ఓరి నాయనో, చెయ్యి తియ్యండి!" అని అరిచాను.

లొరెయిన్ ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. ఆమె ముఖంలో కోపం ఉన్నా నేను తట్టుకునేదాన్ని. కోపం లేదు. సొంతవాళ్ళెవరికో దెబ్బ తగిలినట్టు ఆ రాయి దగ్గర కూలబడింది.

"ఇది ఎవరు చేశారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నేను" అన్నాడు దివాకర్.

"నువ్వా? నీకు తెలియదా?"

"తెలుసు. మా ఇళ్ళల్లో ఇది గౌరవం. మనసు ఆగక చేశాను."

"ఇక్కడ ఏది పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మా పెద్దలు చెప్తారు. ఇంకెవరూ పెట్టరు" అంది లొరెయిన్. "తెలియని అతిథి చేసుంటే వాళ్ళతో మాట్లాడి చూసేదాన్ని. నువ్వు చేశావంటే నేనేం చెప్పను? నీకోసం నేను మాటిచ్చాను."

నా నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. దివాకర్ నా వైపు తిరిగి తెలుగులో, గొంతు తగ్గించి అన్నాడు.

"త్రివేణక్కా, నీకు దండం పెడ్త. చెప్పకు. ఇన్నేండ్లకు నా పనికి మొక్కింది. గా మొక్కిన చెయ్యే దీన్ని ముంచిందంటే ఆమె బతుకుతదా?"

"పిచ్చోడా, చెప్తే దారి ఉంటుంది కదరా!" అన్నాను. 'రా' అని అతన్ని అనడం అదే మొదలు.

"చెప్తే లొరెయిన్ పోయి ఉజ్వలనే అడుగుతది. అడిగితే ఏమైందో ఆమెకు తెలుస్తది. వద్దక్కా."

మా ఆయన ఆ పసుపు టిష్యూని జేబులో కుక్కుకున్నాడు. ఎవరం ఎవరివైపూ చూసుకోకుండా నిచ్చెన దిగాం. కింద ఉజ్వల వచ్చే ట్రిప్‌లో ఎవరెవరిని పిలవాలో లూసీతో చర్చిస్తోంది.

ఊరివాళ్ళు దారి మూసేశారు. దివాకర్‌కే కాదు, బయటివాళ్ళెవరికీ ఇక ఆ కొండ లేదు. ఫోన్‌లో ఆ మాట చెప్తూ లొరెయిన్ ఏడ్చిందట. తర్వాత అతను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఉజ్వలతో మాత్రం "జనం వస్తలేరు, నాకు గూడ ఓపిక లేదు, బంద్ చేసిన" అని చెప్పాడు. ఆమె బతిమాలింది. తానే పోస్టర్లు చేస్తానంది, పార్సిప్పనీలో ఉన్న ఆఫీస్ ఫ్రెండ్స్‌ని తెస్తానంది. అతను ససేమిరా అన్నాడు. ఇప్పుడు ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్ట్ చేస్తున్నాడు. ఆరు నెలల్లో పదేళ్ళ ముసలితనం మీద పడింది. ఇద్దరి మధ్యా మాటలు కూడా తగ్గిపోయాయి.

మొన్న ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా ఆయన, మనసులో ఏముందో గానీ, దివాకర్‌కి కొసరి కొసరి వడ్డిస్తున్నాడు. టీవీలో ఏవో కొండలు కనపడ్డాయి. అంతే, ఉజ్వల అందుకుంది.

"చూడక్కా, ఈయన బుద్ధి. వద్దు వద్దన్నన్ని రోజులు ఆగలే. నేను సరే అనంగనే బంద్ చేసిండు. ఏదీ నిలకడగ చెయ్యడు. నీకు చెప్పలే గదా, ఆ దినం ఆ రాయికి నా చేతుల్తోటి పసుపు రాసి, బొట్టు పెట్టి మొక్కుకున్న, మావోని పని సల్లగుండాలె తల్లీ అని. ఆ తల్లులు ఇననే ఇన్నరు, నాకు తెలుసు. ఈయననే నిలుపుకోలే."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. బ్రహ్మయ్య తల దించుకున్నాడు. నేను దివాకర్ వైపు చూశాను, ఇప్పుడన్నా చెప్పరా అని.

అతను పెరుగన్నం కలుపుకుంటూ నవ్వాడు.

"ఔను" అన్నాడు. "నేనే నిలుపుకోలే."