ఆ పంపు మేస్త్రి గారు సరిగానే బిగించారు

పోయిన మంగళవారం పొద్దున మా ఊరి బోటు మోటార్ల మేస్త్రి గారు కన్నుమూశారు. నేను అంగన్‌వాడీలో పిల్లలకు పాలు కలుపుతుంటే ఆయా వచ్చి చెప్పింది. గిన్నె పక్కన పెట్టి అక్కడే గోడకు చేరగిలబడ్డాను. మూడు రోజుల జ్వరం అన్నారు, కాదు గుండె అన్నారు. ఏదైతేనేం, ఆయన లేరు. ఇది చదివేవాళ్లలో ఆయన చేత మోటారు బాగుచేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, కాస్త చివరిదాకా చదవండి. మీకు నేనొక నిజం బాకీ ఉన్నాను.

మేస్త్రి గారిది సాయిబుల కుటుంబం. మా పుట్టింటి వైపే, అద్దంకి దగ్గర, మిరప తోటలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తూ బతికారు. పొలాలకు కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని తగ్గిపోయి, ఈ సముద్రపు ఒడ్డుకు వచ్చి పడవల మోటార్లు పట్టుకున్నారు. నేను పెళ్లయి ఇక్కడికొచ్చిన వారానికే నన్ను ఆనవాలు పట్టి, “ఏమ్మాయ్, మీ నాన్న ఇంజను ఇంకా దగ్గుతానే ఉందా?” అని పలకరించారు. కొత్త ఊళ్లో నన్ను ఎరిగిన మొదటి మనిషి ఆయన. అప్పట్నుంచి బాబాయ్ అనే పిలిచాను.

మోటారు కాలిపోతోందని తెస్తే ఆయన ముందు స్పానర్ పట్టేవారు కాదు, చీపురు పుల్ల పట్టేవారు. నడుస్తున్న మోటారు పక్కన చిన్న బెజ్జంలోంచి నీళ్లు సన్నగా ధార కడతాయి. పంపు తోడిన సముద్రపు నీళ్లే లోపలంతా తిరిగి, ఇంజను వేడి తీసుకుని అలా బయటికి వస్తాయి. ధార ఆగితే చాలు, పంపు పోయిందని మావాళ్లు గుండెలు బాదుకుంటారు. తీరా చూస్తే, వేట నిషేధం రెండు నెలలూ మూలన పడి ఉన్న మోటారు బెజ్జంలో కందిరీగ మట్టి గూడు పెట్టి ఉంటుంది. “పుల్లతో పోయేదానికి స్పానరెందుకురా?” అనేవారు. ధార బాగుందని సంబరపడేవాళ్లనూ ఊరికే వదిలేవారు కాదు. దాని కింద అరచెయ్యి పెట్టి వేడి చూసి, “ధార చూసి మురిసిపోమాకండి. నీళ్లు లోపల అన్ని మూలలకీ పోతన్నయ్యా, అది చూడండి” అని కసిరేవారు.

ఆయన అందరికీ పెట్టిన నియమం ఒకటుంది. వేట నుంచి రాగానే మోటారును మంచినీళ్ల డ్రమ్ములో నిలబెట్టి పది నిమిషాలు నడపాలి. లేకపోతే లోపలి దారుల్లో ఉప్పు పేరుకుపోతుంది. డ్రమ్ము నింపడం ఆడవాళ్ల పని. నియమం మంచిదే, నీళ్లేవి? ఆరేళ్ల కిందట, వేట నిషేధానికి ముందే ఎండలు ముదిరి ట్యాంకరు మూడు రోజులకోసారి వచ్చేది. నాకు చంటిపిల్ల, మంచాన పడ్డ అత్త. బిందెలకు బిందెలు మంచినీళ్లు తీసుకెళ్లి ఆ ఇనుముకు పోయడానికి చేతులు రాలేదు. పక్కనే ఉప్పు బోరు ఉంది. నిషేధం మొదలయ్యేదాకా అంతే అనుకుని ఆ నీళ్లతోనే రోజూ డ్రమ్ము నింపాను. మా ఆయన అలిసిపోయి వచ్చి, చూడకుండానే మోటారు నడిపేసి పడుకునేవాడు. “మంచినీళ్లేనా?” అని ఒకసారి అడిగితే, “కాకపోతే నీ మోటారుకి మజ్జిగ పోస్తానా?” అన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం దాటినా పడవ రాలేదు. మోటారు ఆవిర్లు కక్కి నడిసముద్రంలో బిగుసుకుపోయింది. మా ఆయనా, మరో ఇద్దరూ ఎండలో కొట్టుకుపోతుంటే వేరే పడవవాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. అప్పటిదాకా ఒడ్డున నిలబడి నేను మొక్కని దేవుడు లేడు.

మర్నాడు మేస్త్రి గారు మా ఇంటి ముందే మోటారు విప్పారు. మా ఆయనా, నలుగురైదుగురు పడవలవాళ్లూ అరుగు మీద కూర్చున్నారు. ఆయన లోపలి నీళ్ల దారిలోంచి ఉప్పు పేరుకున్న ముక్కొకటి తీసి తేరిపార చూశారు. లేచి వెళ్లి, డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్లలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు. తర్వాత గుమ్మంలో పిల్లనెత్తుకున్న నన్ను చూశారు. ఆయన ఉప్పు పట్టిన ఆ ముక్కకు గుడ్డ చుట్టేసి, అరుగు వైపు తిరిగారు.

“తప్పు నాదే. పోయిన నెల పంపు నేను సరిగ్గా బిగించలా.”

మా ఆయన భగ్గుమన్నాడు. “ముగ్గురం చచ్చేవాళ్లం మేస్త్రీ! ఇన్నేళ్ల చెయ్యి, ఇదా చేసే పని?”

ఆయన తల వంచుకుని విన్నారు. నేనూ విన్నాను.

సాయంత్రం నేను ఒక్కదాన్నే వాకిట్లో ఉన్నప్పుడు వచ్చారు. తిడతారనుకున్నాను. “మనుషులకే నీళ్లు లేనప్పుడు డ్రమ్ముడు పొయ్యమన్నా చూడు, అదీ బుద్ధితక్కువే అమ్మాయ్” అని, నీళ్లలో మునిగే మోటారు కాలు కొలత తీసుకుని వెళ్లిపోయారు. రెండు రోజుల్లో రేకుతో ఇరుకైన తొట్టి చేసి తెచ్చారు. దానికి మూడు బిందెలు చాలు. “ఈ మూడు మాత్రం మంచినీళ్లు పొయ్యి తల్లీ. ఆ మోటారును నమ్ముకుని మనుషులు పోతన్నారు” అన్నారు. ఇంకో మాట అనలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ.

ఊళ్లో ఆ సంగతి పాకింది. రెండు పడవలవాళ్లు మోటార్లు వేరే చోటికి తీసుకుపోయారు. చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. మెట్ట నుంచి వచ్చిన పిల్ల మొగుణ్ణి సముద్రంలో చంపబోయిందంటారని భయం. కొన్నాళ్లకు భయం పోయి సిగ్గు మిగిలింది. ఆ తర్వాత, దాచుకోవడమెందుకు, అది మర్చిపోయి బతకడం కూడా అలవాటైంది.

ఆయన్ని మట్టి చేసి వచ్చాక మగవాళ్లు మా వాకిట్లో వలలు బాగుచేసుకుంటూ ఆయన గురించే మాట్లాడుకుంటున్నారు. “హస్తవాసి ఉన్న మనిషి” అన్నాడు మా ఆయన. “ఆ పంపు దగ్గర ఒక్కసారే చెయ్యి తప్పాడు, పాపం.”

ఆ ‘పాపం’ నేను భరించలేకపోయాను. బోరు నీళ్ల సంగతి, నా అబద్ధం, అన్నీ అందరి ముందూ చెప్పేశాను. మా ఆయన చేతిలో వల కింద పెట్టేశాడు. అప్పట్లో మోటారు తీసుకుపోయినవాళ్లలో ఒక పెద్దాయన లేచి ఇసుక దులుపుకుని, “మాకు చెబితే సరిపోద్దా? పదమ్మా, మేస్త్రి ఇంటావిడకి చెబుదువుగాని” అన్నాడు. అందరం కదిలాం.

మగవాళ్లు వీధిలోనే నిలబడిపోయారు. నేను లోపలికి వెళ్లి మేస్త్రి గారి భార్య పక్కన చాప మీద కూర్చుని చెప్పాను. ఆమెకూ తెలియదు. ఇంట్లో కూడా తప్పు తనదేనని చెప్పుకున్నారట.

“చూపు తగ్గే అట్టా బిగించాడనుకున్నానమ్మా” అంది. “రెక్క పట్టుకుని కళ్ల డాక్టరు దగ్గరికి తీసకపోయా. చూపు శుభ్రంగా ఉందన్నాడాయన. నేను నమ్మితేగా! పోరి పోరి అద్దాలు కొనిపిచ్చా. పన్లో పెట్టుకుంటన్నాలే అనేవాడు.”

లేచి వెళ్లి, ఆయన పనిముట్ల పెట్టె అడుగునుంచి కళ్లజోడు డబ్బా తీసుకొచ్చి తెరిచింది. కుడి అద్దం మీద కొట్లో అంటించిన చిన్న కాగితం ఇంకా అలాగే ఉంది. ఆమె దాన్ని గోటితో తియ్యబోయి, ఆగి, డబ్బా మూసి ఒళ్లో పెట్టుకుంది.