పైగది ఫోల్డరు

యూపీఎస్ కీచుమన్నప్పుడల్లా నా చెయ్యి మౌస్ మీద ఆగిపోతుంది. గుడివాడలో ఇప్పుడు నేను పనిచేసే ఆసుపత్రిలో తోటివాళ్ళు నవ్వుతారు, "కరెంటేగా పోయింది, కొంపలేం మునగవులెండి" అని. నాకు మాత్రం నవ్వు రాదు. మచిలీపట్నంలో అంతకుముందు నేను పనిచేసిన ఒక చిన్న స్కానింగ్ సెంటరూ, దాన్ని నడిపిన శేషారత్నం గారూ కళ్ళముందుకొస్తారు.

శేషారత్నం గారిది పామర్రు. మనిషి పొట్టి, మాట పెద్దది. స్కాన్ మిషను ముందు ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి, ఆ వయసులో విండోస్ బదులు వాడే లినక్స్ పట్టుబట్టి నేర్చుకుని సెంటరులోని రెండు కంప్యూటర్లలోనూ వేశారు. కింద స్కాన్ గదిలో ఒకటి, మేడ మీద డాక్టరు గారి గదిలో ఒకటి. పైదాంట్లోని ఒక ఫోల్డరు కింద కూడా కనిపించేలా, మేం అందులో సేవ్ చేసిన ఫొటో డాక్టరు గారి దగ్గర తెరుచుకునేలా ఇద్దరం కలిసి నెట్‌వర్క్ కలిపాం. దానికి 'పైగది' అని పేరు పెట్టాం. ఇక సీడీలు పట్టుకుని మెట్లెక్కే బాధ తప్పిందని నేను సంబరపడుతుంటే, "ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే సంబరమా? ముందు నాలుగు రోజులు నడవనీ" అన్నారావిడ.

ఒక మధ్యాహ్నం కోడూరు వైపు నుంచి ఒక జాలరి, అతని భార్య వచ్చారు. కిందటి వారం అతను పడవలో జారిపడి తలకు దెబ్బ తగిలితే స్కాన్ తీశాం. అప్పుడేమీ కనిపించలేదు. తలనొప్పి తగ్గక మళ్ళీ వచ్చారు, మళ్ళీ తీశాం. తెర చూస్తూనే శేషారత్నం గారి ముఖం మారిపోయింది. పుర్రె లోపలి అంచున నెలవంకలా ఏదో ఉంది. "పైకి పంపించు, డాక్టరు గారు చూస్తారు" అన్నారంతే. పంపించాను. సేవ్ అయిందని తెర చెప్పింది. వాళ్ళిద్దరూ మేడ మీదికి వెళ్ళారు.

కాసేపటికి ఆ భార్య నవ్వుముఖంతో మెట్లు దిగి వచ్చింది, వెనకాలే అతనూ.

"ఏం లేదంటమ్మా! మాత్రలు రాశారు. బస్సుకి టైమైపోతంది, వెళ్ళొస్తాం."

శేషారత్నం గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క నిమిషం కూర్చోమ్మా." ఆ చెయ్యి వదలకుండానే పైకి ఫోన్ చేశారు. "డాక్టరు గారండీ, మీరు చూసిన ఫొటో మీద తేదీ ఒకసారి చదువుతారా?"

అటు ఫోన్ పెట్టేసిన చప్పుడు. తర్వాత మెట్ల మీద పరుగున చెప్పుల చప్పుడు. ఆయన వచ్చి మా తెర ముందు వంగి, "ఇది నాకు రాలేదే! లోపల రక్తం చేరింది. ఇప్పుడే విజయవాడ తీసుకెళ్ళాలి" అన్నారు.

అంబులెన్సు కోసం చూస్తుండగా నాకు సంగతి అర్థమైంది. పొద్దున కరెంటు పోయి వచ్చినప్పుడు కింది కంప్యూటరు ముందు లేచింది. అప్పటికి పైది ఇంకా లేవలేదు. రెంటికీ లంకె కుదరలేదు. అయినా 'పైగది' అనే ఫోల్డరు మాత్రం కింద అలాగే ఉంది, పేరు అదే, లోపల ఖాళీ. కొత్త ఫొటో అందులో పడి కిందే ఉండిపోయింది. డాక్టరు గారు చూసింది కిందటి వారం ఫొటో. నా కాళ్ళలో వణుకు మొదలైంది.

"ఇందాక ఏం లేదన్నారు, ఇప్పుడేంటండీ ఇది?" అంది ఆమె.

"కరెంటు పోయిందండీ, అందుకని..." అని మొదలుపెట్టాను. మా వైపు దేనికైనా చెల్లే సాకు అది.

శేషారత్నం గారు నన్ను ఆపేశారు. "కరెంటు కాదమ్మా. మేం చేసుకున్న ఏర్పాటే తప్పు. పాత ఫొటో చూసి మిమ్మల్ని ఇంటికి పంపించెయ్యబోయాం."

"వెళ్ళిపోయుంటే?"

"ప్రాణం మీదికొచ్చేది."

ఆమె నోటికొచ్చినట్టు తిట్టింది. శేషారత్నం గారు తల వంచుకుని అన్నీ విన్నారు. అంబులెన్సు వస్తే వాళ్ళతోపాటు తనూ ఎక్కి వెళ్ళిపోయారు. అంత నిజాన్ని ఎదుటి మనిషికి అలా చెప్పినవాళ్ళని నేను అంతవరకూ చూడలేదు.

ఆపరేషన్ అయింది, అతను బతికాడు. మర్నాడు ఆవిడ వచ్చేసరికి, లంకె తెగితే అసలేదీ సేవ్ కాకుండా మార్చి పెట్టాను. ఆవిడ నా మాట నమ్మలేదు. ఒక ఫొటో పంపించమని, మేడెక్కి కళ్ళారా చూసుకుని, దిగి వచ్చి అడిగారు.

"వణుకు తగ్గిందా?"

"లేదండీ. ఈ పని మానేద్దామనుకుంటున్నాను."

"మానెయ్. నీ కుర్చీలో వణుకు లేనివాడొచ్చి కూర్చుంటాడు."

ఆవిడ ఇప్పుడు లేరు. ఉంటే ఒక మాట చెప్పాలని ఉంటుంది. వణుకు తగ్గలేదండీ. కుర్చీలో ఇంకా నేనే ఉన్నాను.