మనవాళ్ళ నెల ఖర్చు

మా లెక్కల మేడంగారు పోయారు. ఆ కబురు స్టాఫ్ గ్రూపులో వచ్చేసరికి నేను మధ్యాహ్న భోజనం ఫొటోని యాప్‌లో ఎక్కించడానికి సిగ్నల్ వెతుక్కుంటూ వరండాలో తిరుగుతున్నాను. ఫొటో ఎక్కించి, ఎక్కిందో లేదో చూసుకుని, అప్పుడు కూలబడ్డాను. గుండెకి స్టెంటు వేయించుకుని సెలవులో ఉన్న మనిషి, దసరా అయ్యాక వచ్చేస్తానన్నారు. వచ్చేస్తారనే మేమూ టైంటేబుల్లో ఆవిడ పేరు మార్చలేదు.

నేను సోషల్ చెబుతాను. రాజోలు నుంచి ఆటోలో వస్తాను. ఆవిడ తాటిపాకలో ఎక్కేవారు. ఎక్కగానే నా మొహం చూసి, "ఏమండీ, మీకు అప్పుడే సాయంత్రం అయిపోయిందా?" అని వెక్కిరించేవారు. ఆవిడకి అలసట లేదని కాదు. కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. బడి ముందు ఆటో ఆగాక ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, "పదండి, జీతం పిలుస్తోంది" అంటూ దిగేవారు.

అంత నీరసంలోనూ శనివారం ఆఖరి పీరియడ్ మాత్రం వదిలేవారు కాదు. మా బడికి వచ్చిన కంప్యూటర్లలో పనిచేసేవి మూడే. ఎనిమిదో తరగతి పిల్లల్ని వాటి చుట్టూ కూర్చోబెట్టి, ఇంటి ఖర్చు లెక్క ఎక్సెల్ గడుల్లో వేయడం నేర్పేవారు. ఎవరూ నేర్పమనలేదు, సిలబస్‌లోనూ లేదు. "వడ్డీ లెక్కలు చిటికెలో చేసేస్తారండీ వీళ్ళు. నెలాఖరుకి ఇంట్లో నూనె ఎందుకు నిండుకుందో చెప్పమంటే మాత్రం గోడలు చూస్తారు" అనేవారు.

కొత్తలో పిల్లలు మొత్తాన్ని కాగితం మీద కూడుకొచ్చి కంప్యూటర్లో టైపు చేసేవారు. ఆవిడకి నవ్వాలో తల కొట్టుకోవాలో తెలిసేది కాదు. "కూడడం దానికొచ్చు నాన్నా. వద్దనడం దానికి రాదు. అది నీ పని" అని సూత్రం రాయించేవారు. ఖర్చు రాబడిని దాటితే ఆఖరి గడి ఎర్రబడేలా పెట్టించారు. ఎర్రబడగానే పిల్లలు ఘొల్లుమనేవారు. "ఎరుపొస్తే ఏడవకూడదర్రా. ఏది మానగలమో చూడాలి" అనేవారు ఆవిడ.

మొదట ఎవరింటి లెక్క వాళ్ళనే రాసుకురమ్మన్నారు. అదే కొంప ముంచింది. ఒక పిల్ల తల్లి ఆ సోమవారం నేరుగా స్టాఫ్ రూములోకి వచ్చేసింది.

"మా ఆయన ఖతర్‌లో ఎండకి మాడిపోయి పంపుతున్నారండీ. ఎంత పంపేరో మా అత్తగారికే చెప్పలేదు నేను. మీరు కంప్యూటర్లో ఎక్కించేస్తారా, ఊరంతా చదువుకోడానికి?"

మేడంగారు లేచి నిలబడ్డారు. "మీరన్నది నిజమేనండీ. ఆయ్. నాకు తట్టలేదు" అన్నారు. ఆవిణ్ణి కంప్యూటర్ గదికి తీసుకెళ్ళి, ఎదురుగానే అన్నీ చెరిపించేశారు. హెడ్మాస్టారు మాత్రం కంగారుపడ్డారు. "ఇంక ఆపేద్దామండీ మేడంగారూ. మనకెందుకొచ్చిన గొడవ?" అన్నారు.

మర్నాడు పొద్దున్న మేడంగారు ఆటో ఎక్కుతూనే, "ఊళ్ళో ఇళ్ళ లెక్కలు వద్దంటే మానేద్దాం. లేని ఇల్లు ఒకటి కడితే ఎవరొచ్చి అడుగుతారండీ?" అన్నారు. మళ్ళీ ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ గదికి తాళమేనన్న షరతు మీద హెడ్మాస్టారు ఒప్పుకున్నారు.

అలా పుట్టింది ఆ కుటుంబం. పిల్లలే కల్పించారు. తండ్రి కొబ్బరి దింపుకి వెళతాడు, వానొస్తే చెట్టెక్కలేడు కాబట్టి ఆ వారం రాబడి ఉండదు. తల్లి జాకెట్లు కుడుతుంది. ఎనిమిది చదివే కూతురు, చిన్నవాడొకడు, బీపీ మాత్రలు మింగే నాయనమ్మ. పేర్లు పెట్టలేదు. 'మనవాళ్ళు' అనేవారు, అంతే. ప్రతి శనివారం మనవాళ్ళకి ఏదో ఒకటి జరిగేది. చిన్నవాడికి జ్వరం, కుట్టుమిషను మరమ్మతు, గ్యాసు బండ. గడి ఎంత ఎర్రబడినా నాయనమ్మ మాత్రలు మాత్రం పిల్లలు ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఒకసారి కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. షామియానా, కేటరింగు, ఫ్లెక్సీ, అన్నీ రాశారు. తర్వాత చదివింపుల్ని రాబడిలో వేసుకుని మనవాళ్ళు లాభపడ్డారని చప్పట్లు కొట్టారు. ఆ లాభంతో ఫ్రిజ్ కూడా కొనేశారు. మేడంగారు కొననిచ్చారు. పై వారం బోర్డు మీద ఒక పెళ్ళి శుభలేఖ రాశారు. ఆ పై వారం గృహప్రవేశం, తర్వాత ఇంకో ఓణీలు. చదివించిన ప్రతివాళ్ళూ పిలిచేవాళ్ళే. తీసుకున్నదానికి కొంత కలిపి చదివించకపోతే మన వైపు ఎంత మాటొస్తుందో పిల్లలకీ తెలుసు. ఆఖరి గడి ఎర్రబడి అలాగే ఉండిపోయింది.

"చదివింపులు రాబడి కాదర్రా. అడక్కుండా చేసిన అప్పు" అన్నారు అప్పుడు. పిల్లలు దిగాలుపడి ఫ్రిజ్ అమ్మేశారు. ఆటోలో ఆ సంగతి చెబుతూ ఆవిడ నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తోంది.

ఆవిడ పోయిన వారానికి హెడ్మాస్టారు నన్ను పిలిచారు. "ఆ శనివారం పీరియడ్ మీరు చూస్తారా మేడంగారూ? లేకపోతే గది మూసేసి పిల్లల్ని ఆటలకి వదిలేస్తాను" అన్నారు. నాకు ఓపిక లేదు. ఉన్న క్లాసులకే గొంతు చాలడం లేదు, పొద్దున్న ఆటోలో ఆ పక్క సీటు చూడ్డానికే మనసు రావడం లేదు. ఈ వారానికి చూస్తాను, మూసేద్దామో లేదో తర్వాత చెబుతానన్నాను.

వెళ్ళేసరికి పిల్లలు అప్పటికే ఈ నెల లెక్క తెరిచి కూర్చున్నారు. ఆఖరి గడి ఎర్రగా ఉంది. కొత్తగా రెండు వరసలు చేర్చారు. తాటిపాకకి ఆటో, అందరికీ, రానూపోనూ. పూలదండ, పెద్దది.

"మనవాళ్ళు మేడంగారిని చూడ్డానికెళ్తున్నారండీ" అంది ముందు కూర్చున్న పిల్ల. "వానలు కదండీ, దింపు లేదు. డబ్బు చాలట్లేదండీ."

"మరి ఏది మానగలరు?" అన్నాను. ఆవిడ ప్రశ్న అది. నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు.

చిన్న దండ చాలన్నాడొకడు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. మాత్రల మాట ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి ఆ పిల్లే ఆటో వరసలో సున్నా కొట్టింది. గడి తెల్లబడింది.

"నడిచెళ్ళిపోతారండీ" అంది.

నా కళ్ళ ముందు కాలవగట్టు మీద వాన వెలిసింది. తండ్రి చేతిలో పెద్ద దండ. తల్లి చిన్నవాణ్ణి చంకనేసుకుంది. కూతురు ఆగి ఆగి వెనక్కి చూస్తోంది, నాయనమ్మ అందుకోవాలని.