చేతికిచ్చిన చాకు

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు వచ్చి, నా ముందు ఫోన్ పెట్టి, "అత్తా, సచ్ బోల్, నిజం చెప్పు. ఒక చాకుకి ఇంత పెట్టొచ్చా?" అని అడిగాడు. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, మా చిన్నాన్న కొడుకు. వాడి కొడుకైన వీడు బ్యాంకులో పనిచేస్తాడు. సెలవు దొరికితే స్నేహితులతో మా బిలాస్‌పూర్ దగ్గరి కోటా దాటి అడవుల వైపు పోయి గుడారం వేసుకుని పడుకుంటాడు. ఇంట్లో మంచం ఉండగా ఆ బాధ ఎందుకో నాకు తెలియదు. ఫోన్లో బొమ్మ చూశాను. మడత చాకు, నల్లటి పిడి, మెరుపు లేని బూడిదరంగు అలుగు. కింద ధర చూసి కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. ధర మారలేదు. సంతలో గుప్పెడు చాకులు వచ్చే డబ్బులు పోసి ఒక్కటా అనబోయి, ఆగిపోయాను. ఆ మాట మా ఇళ్ళలో ఒకావిడ ఎప్పుడో అనేసింది. ఆవిడ వీడి నాయనమ్మే. ఆవిడ చేత అలా అనిపించిన చాకు కొన్నది వీడి తాత, అంటే మా చిన్నాన్న.

మా నాన్న గూడ్సు బళ్ళకి గార్డు. చిన్నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకరి వెనక ఒకరు వచ్చి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో చేరారు. ఒకే వరసలో నాలుగు గుమ్మాల ఎడంలో క్వార్టర్లు దొరికాయి. గార్డు ఉద్యోగమంటే జనం పచ్చజెండా ఊపడమే అనుకుంటారు. బండి చివర ఆ బ్రేక్ వ్యాన్‌లో, ఒళ్ళు హూనమయ్యే కుదుపుల్లో, మాట్లాడే మనిషి లేకుండా గంటల తరబడి కూర్చోవడం అసలు ఉద్యోగం. నాన్న డ్యూటీకి తీసుకెళ్ళే లైన్ బాక్సు పెట్టెలో జెండాలు, దీపంతోపాటు ఉల్లిపాయలూ, ఉప్పుకారం కలిపిన పొట్లమూ ఎప్పుడూ ఉండేవి. మెయిలు బండికి దారివ్వడానికి గూడ్సుని కర్గీ రోడ్ స్టేషన్లో పక్క లైన్లో నిలబెడితే నాన్నకి పండగ. గంపలతో వచ్చిన వాళ్ళ దగ్గర జాంకాయలు కొని, సగం అక్కడే కోసుకు తిని, సగం ఇంటికి తెచ్చేవాడు. సాయంత్రం వసారాలో చాప వేసుకుని, కాయని నాలుగు చీలికలు చేసి, ఉప్పుకారం అద్ది, వరసగా మా అందరి చేతుల్లో పెట్టేవాడు. ఆ వేళకి చిన్నాన్న షెడ్ నుంచి వచ్చి, చేతుల నూనె మరకలు కూడా వదలకుండానే చాప మీద కూలబడేవాడు. మొదటి చీలిక ఎప్పుడూ చిన్నాన్నకే.

నాన్న దగ్గర అప్పుడున్నది జాతరలో కొన్న మామూలు మడత చాకు. దానికి తెరుచుకోవడం తెలుసు, తెరుచుకుని ఉండడం తెలియదు. ఒకసారి కాయ కోస్తుండగా బ్రేక్ వ్యాన్ ఎగిరిపడింది. అలుగు మడత పడి నాన్న చూపుడువేలు ఎముక దాకా తెగింది. చేతికి ఎర్రజెండా గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చాడు. నెత్తురెంత పోయిందో పెళ్ళాం పిల్లలకి తెలియకుండా అదొక సదుపాయం. చిన్నాన్న ఆ కట్టు విప్పి చూసి, లేచి వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళకి షెడ్ వాళ్ళు ట్రైనింగుకని అతన్ని పెద్ద నగరానికి పంపారు. పిన్ని మిక్సీ తెమ్మంది. తిరిగొచ్చిన చిన్నాన్న సంచిలో మిక్సీ లేదు, పై దేశంలో చేసిన చాకు ఉంది. రోజ్‌వుడ్ పిడి, ఇత్తడి మేకులు. బొటనవేలితో అలుగు లేవనెత్తితే టక్కుమని నిలబడిపోయేది. పిడి వెనకున్న చిన్న పట్టీ నొక్కితే తప్ప ఎవరు లాగినా మడత పడేది కాదు. 

"దీనికంత రేటేటి? సంతలో ఇంతకి గుప్పెడొస్తాయి. బంగారం కోస్తాదేటి?" అంది పిన్ని.

"మా అన్నయ్య ఏలు కొయ్యదు. అదే దీని రేటు" అన్నాడు చిన్నాన్న.

ఆ ఏడాదంతా పిన్ని రోట్లో పచ్చడి నూరుతూ, ఒక్కో దెబ్బకీ ఆ చాకుని తలుచుకునేది. మేం పిల్లలం ఆ చప్పుడు వినడానికే వాళ్ళ వంటింటి వైపు పోయేవాళ్ళం.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. ఉప్పు, మిరపకాయలు, చాకు, ఈ మూడూ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోకూడదు మా ఇంట్లో. పోతే ఆ ఇద్దరికీ తగువొస్తుందని అమ్మ నమ్మకం. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు వంగి తీసుకోవాలి. మేమంతా అలా వంగి వంగి పెరిగినవాళ్ళమే. చిన్నాన్న చాకు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేసరికి నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. మర్నాటిదాకా ఆగే ఓపిక లేక చిన్నాన్న యార్డుకి పరుగెత్తాడు. బండి అప్పటికే కదిలింది. నాన్న బ్రేక్ వ్యాన్ కమ్మీ పట్టుకుని కిందికి వంగితే, పక్కన పరుగెడుతూ చాకుని అరచేతిలో పెట్టాడు. అక్కణ్ణుంచి నేరుగా మా ఇంటికొచ్చి, ఇంకా రొప్పుతూనే, ఈ ఘనకార్యం వర్ణించాడు. 

"చేతికిచ్చీసినావేటి బాబూ?" అంది అమ్మ, మొహం వెలవెలబోతూ. 

"కదిలిపోతన్న బండికి ఎక్కడెట్టమంటావు వదినా, పట్టాల మీదా?" అన్నాడు. అందరం నవ్వాం, అమ్మ తప్ప.

కొన్నేళ్ళు ఏమీ కాలేదు. నాన్నకి ఆ చాకు ప్రాణమైపోయింది. పాత పచ్చజెండాలోంచి గుడ్డ ముక్క చింపి అందులో చుట్టి దాచేవాడు. ఆదివారం ఆకురాయి మీద నూరి, కొబ్బరినూనె రాసి, ముంజేతి మీద వెంట్రుకలు గీసి పరీక్ష చేసేవాడు. చిన్నాన్న పక్కన కూర్చుని ఆ ఉక్కు గొప్పతనం మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు. ఆ తర్వాత ఒక ఏడు నడి ఎండల్లో మా నాన్నమ్మ పోయింది, చిన్నాన్న వాళ్ళింట్లో. నాన్న కట్నీ లైన్లో బొగ్గుబండి మీద ఉన్నాడు. కబురు స్టేషన్ నుంచి స్టేషన్‌కి పాకి, అతనికి చేరి, బండి అప్పగించడానికి ఇంకో గార్డు దొరికి, అతను ఇల్లు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఆ వేడికి ఉంచలేక పొద్దున్నే దహనం చేసేశారు. చిన్నాన్నే నిప్పు పెట్టాడు. 

నాన్న వాళ్ళ గుమ్మంలో నిలబడి, "నాను పెద్దోడిని రా. నాకోసం ఒక్క పూట ఆగనేకపోనావా?" అన్నాడు. 

చిన్నాన్న కూడా కళ్ళు వాచి ఉన్నాడు. "నువ్వెప్పుడొస్తావో ఎవులికి తెలుసు? నీ బండికే తెలీదు" అన్నాడు. 

అంతే. నాన్న లోపలికి అడుగు పెట్టకుండా తిరిగొచ్చేశాడు. తప్పు ఇద్దరిదీ కాదు, ఎండలదీ, బొగ్గుబండిదీ అని నాకిప్పుడు అనిపిస్తుంది. కానీ ఎండలతో ఎవరు దెబ్బలాడతారు? ఆ రోజు నుంచి మా చాప మీద చిన్నాన్న చోటు ఖాళీగా ఉండిపోయింది.

అమ్మకి మాత్రం కారణం స్పష్టంగా తెలుసు. చాకు చేతికివ్వడం వల్లే. ఆ తర్వాత అమ్మ చేసిన పని అప్పట్లో మాకెవరికీ తెలియదు. చాలా ఏళ్ళకి తనే చెప్పింది గనక వరసలో చెబుతున్నాను. దోషం పోవాలంటే చాకు ఇచ్చినవాడి దగ్గరికే తిరిగి వెళ్ళాలి, అతను దాన్ని ఈసారి మన గడపలో కింద పెట్టాలి, నాన్న వంగి తీసుకోవాలి. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు, మా అమ్మ సొంతంగా కనిపెట్టింది. దిష్టి తీసి పారేసేటప్పుడు పెదవి విప్పకూడదు, వెనక్కి చూడకూడదు కదా, ఆ నియమం కూడా దీనికి కలిపింది. ఒక మధ్యాహ్నం నాన్న నిద్రలో ఉండగా లైన్ బాక్సులోంచి చాకు తీసి, పచ్చగుడ్డతో సహా చిన్నాన్న వసారా గట్టు మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా, తిరిగి చూడకుండా వచ్చేసింది. చేతికిచ్చినందుకు ఆ రోజు తను ఎంత బాధపడిందో మరిదికి గుర్తుండే ఉంటుందని, చూడగానే అర్థం చేసుకుని తెచ్చి గడపలో పెడతాడని ఆవిడ లెక్క.

చిన్నాన్నకి అది గుర్తులేదు. షెడ్ నుంచి వచ్చి గట్టు మీద పచ్చగుడ్డ చూశాడు. అన్నయ్య తన చాకుని తిప్పికొట్టాడనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇటు నాన్న చాకు కనబడక ఇల్లంతా తిరగేశాడు, లైన్ బాక్సు బోర్లించాడు, బ్రేక్ వ్యాన్ కుదుపులో దారిలో ఎక్కడో పడిపోయిందని చివరికి తేల్చుకున్నాడు. అప్పటికి అతని కోపం చల్లారిపోయింది కూడా. వసారాలో కూర్చుని, "ఎల్లి పలకరిద్దారనే ఉంది. చాకేదిరా అంటే ఏటి చెప్పను? పారేసినానని చెప్పనా?" అని అమ్మతో అనడం నా చెవులతో విన్నాను. అమ్మ పమిట చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. మరిది మనసు రాయి చేసుకున్నాడని ఆవిడ భయం, భర్తకి నిజం చెబితే ఏమవుతుందోనని ఇంకో భయం. రేపు తెస్తాడు, పండక్కి తెస్తాడు అని ఎదురుచూస్తూ ఉండిపోయింది. అన్నదమ్ములిద్దరూ వీధి కుళాయి దగ్గర ఎదురుపడి తలలు దించుకుని పోయేవారు. ఒకడు సిగ్గుతో, ఒకడు అవమానంతో. రిటైరయ్యాక మేము ఊళ్ళోనే లింగియాడీహ్ పేట వైపు ఇల్లు కట్టుకున్నాం, వాళ్ళు ఊరికి అవతలి కొసన కట్టుకున్నారు. ఇంక ఎదురుపడడం కూడా లేకపోయింది.

చిన్నాన్న ఒక ఉదయం చొక్కా వేసుకుంటూ గుండె పట్టుకుని కూర్చుని, మళ్ళీ లేవలేదు. కబురు ఈసారి వెంటనే అందింది. నాన్న ఆటో దిగి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. "పెద్దనాన్న వచ్చీదాకా కదపొద్దు" అని చిన్నాన్న కొడుకు, మా తమ్ముడు, అందరినీ ఆపి ఉంచాడు. ఆ మాట విన్నప్పుడు నాన్న మొహం నేను చూశాను. ఆ తర్వాత జీవితంలో ఎవరి మొహమూ అలా చూడలేదు. 

కార్యం అయిపోయిన రోజు పిన్ని పచ్చగుడ్డ మూట తెచ్చి నాన్న ముందు నేల మీద పెట్టింది. "ఇది మీదే బావగారూ. మీరు తిప్పి పంపించీసినారని మీ తమ్ముడు ఎవుర్నీ ముట్టుకోనిచ్చీవోరు కాదు. ఆదివారం ఆదివారం తీసి నూనె రాసి, మళ్ళీ అలాగే పెట్టీసీవోరు." 

నాన్న గుడ్డ విప్పాడు. "నాను పంపలేదమ్మా. నాను పారేసుకున్నాననుకున్నాను" అన్నాడు. గోడ పక్కన నిలబడ్డ అమ్మ ముందుకొచ్చింది. అక్కడే, అందరి ముందూ, మొత్తం చెప్పింది.

నాన్న తిట్టలేదు. తిట్టి ఉంటే అమ్మకి కొంచెం ఊపిరాడేదేమో. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం నాన్న వసారాలో చాప వేసుకుని, జాంకాయలు ముందు పెట్టుకుని, "చాకు పట్రా" అన్నాడు. అమ్మ తెచ్చి, ఎప్పటిలాగే కింద పెట్టబోయింది. నాన్న చెయ్యి చాపే ఉంచాడు. అమ్మ అతని మొహంలోకి చూసింది. "చేతికియ్యి. ఇంక తగువాడ్డానికి ఎవులున్నారు మనకి?" అన్నాడు. అమ్మ చాకుని అతని అరచేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. నాన్న కాయ కోసి, మొదటి చీలికకి ఉప్పుకారం అద్ది, చాప మీద చిన్నాన్న కూర్చునే చోట పెట్టాడు. దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు.

ఇప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్ళిపోయారు. చాకు నా బీరువాలో ఉంది. మొన్న ఆదివారం నేను లేచి, అది తెచ్చి, మీ తాత కొన్నదని మావాడికి చూపించాను. వాడు అటూ ఇటూ తిప్పి, "అరే! దాదాజీదా? కొత్తదానిలా ఉంది కదా అత్తా!" అన్నాడు. అవును, నాన్న ఆ కొన్నేళ్ళలో నూరినంత మేరే అరిగింది, అంతే. రేటు గురించి పిన్నికి వాడి తాత ఇచ్చిన జవాబు వాడికి చెప్పాను. ఖరీదు సంగతి ఎందుకు అడిగాడో మర్చిపోయి, వాడు ఆ పట్టీ నొక్కుతూ, అలుగు తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. టక్కుమనే ఆ చప్పుడు ఏమీ మారలేదు. చివరికి మడిచి, నా పద్ధతి తెలిసినవాడు గనక, బల్ల మీద పెట్టబోయాడు. నేను చెయ్యి చాపాను. నా అరచేతిలో అది బరువుగా, వాడి చేతి వేడితో ఉంది. నూరి నూరి ఈ ఉక్కు అరిగిపోవడానికి ఇంకా రెండు తరాల కాలం పడుతుంది. దాన్ని ఇచ్చినవాడికీ, పుచ్చుకున్నవాడికీ మధ్య ఒక్క మాట అనుకునేంత కాలం దొరకలేదు.