సెల్ఫ్ నాయుడు

చెంగల్రాయలు నాయుడికి కోపం ముక్కు మీద ఉంటుందని గుడియాత్తం మెకానిక్కులందరికీ తెలుసు. షెడ్డుకు వచ్చిన బండిని ముందు తిడతాడు, తర్వాత దాన్ని తోలినవాణ్ణి తిడతాడు, అప్పుడుగానీ స్పానరు పట్టుకోడు. చేతిపని మాత్రం బంగారం. అందుకే జనం తిట్లు తిని మరీ బండ్లు తెస్తారు.

పదేళ్ళుగా ఆ నోట అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది ఆయన సొంత అన్న, ఏటికి అవతలి పల్లెలో ఉండే సుబ్బరాయులు. అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు మిలిటరీ వేలంలో ఒక పాత లారీ కొన్నారు. చిన్నదే కానీ నాలుగు చక్రాలూ లాగే బండి. పెద్దవరద వచ్చిన ఏడు, చెంగల్రాయలు సామాన్ల కోసం వేలూరు వెళ్ళి ఉండగా, సుబ్బరాయులు ఆ లారీని ఉన్నదున్నట్టుగా ఏట్లో దించాడు. నడి ఏట్లో ఇంజను నీళ్ళు మింగి ఆగిపోయింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఇంజను దక్కేది. ఆయన ఊరుకోలేదు, సెల్ఫ్ కొట్టాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు తాళం తిప్పాడు. పిస్టను గాలినైతే అదుముతుంది, నీళ్ళను అదమలేదు. లోపలి ఇనుప రాడ్లన్నీ వంకర్లు పోయాయి.

ఆ రోజే అన్నకు 'సెల్ఫ్ నాయుడు' అని పేరు పెట్టేశాడు చెంగల్రాయలు. టీకొట్టు దగ్గర మొదలైన పేరు ఏరు దాటి పల్లెకు కూడా చేరింది. సంతలో ఎవరో సుబ్బరాయుల్ని ఆ పేరుతో పిలిచారని తెలిసిన రోజు చెంగల్రాయలు కడుపునిండా అన్నం తిన్నాడు. పల్లె వదిలి గుడియాత్తంలోనే కాపురం పెట్టాడు. రెండేళ్ళు తంటాలు పడి లారీకి వేరే ఇంజను ఎక్కించాడు. అన్నతో మాత్రం మాట కలపలేదు.

ఈ కార్తీకంలో మళ్ళీ వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం అన్న కూతురు లోకేశ్వరి ఫోను చేసింది.

"చిన్నాయనా, నాయనకు మొన్న వేలూరులో డయాలిసిస్ తప్పిపోయింది. కాళ్ళు ఉబ్బిపోయినాయి, పడుకుంటే ఊపిరాడలా. రేపన్నా పోకుంటే మనిషి దక్కడంటా ఉండారు. ఏరు దాటే చప్టా మింద రొమ్ముల దాకా నీళ్ళు పోతా ఉండాయి, యాడా దారి లేదు."

"మీ నాయన్నే సెల్ఫ్ కొట్టుకోని రమ్మను!" అని ఫోను పెట్టేశాడు చెంగల్రాయలు.

పెట్టేసి, చాప తీసుకుని లారీ కిందికి దూరాడు.

అక్కడ ఆయన తిట్టనివాడు లేడు. వంతెన కడతామని ఏట్లో నాలుగు స్తంభాలు లేపి పారిపోయిన కాంట్రాక్టరును తిట్టాడు. ఏటేటా ఆ స్తంభాల ముందు నిలబడి ఫొటో దిగిపోయే నాయకులను తిట్టాడు. ఇరుసులకూ గేరుబాక్సుకూ గాలి ఆడే చిన్న చిన్న రంధ్రాలుంటాయి. నీళ్ళు దూరకుండా వాటికి రబ్బరు గొట్టాలు తొడిగి, వాటి కొసల్ని క్యాబిన్ టాపు దాకా తెచ్చి కట్టాడు. అది చేస్తూ, షోకుకు జీపులు నీళ్ళలో దించే వేలూరు కుర్రకారును అందుకున్నాడు. "బండి మూతికి గొట్టం పెడితే చాలనుకుంటారు ఎదవలు. కింద ఉండే బొక్కలన్నీ ఎవుడి తాత మూస్తాడు?"

ఇంజను గాలి పీల్చే మూతికి ఆయన కూడా ఇనుప గొట్టం బిగించి, క్యాబిన్ కన్నా మూరెడు ఎత్తుకు లేపాడు. అతుకు దగ్గర సైకిలు ట్యూబు చుట్టి క్లాంపు వేశాడు. ఫ్యాను తిరిగితే నీళ్ళను ఇంజను మీదికి చిమ్ముతుందని దాని బెల్టు ఊడదీశాడు. ముందు భాగానికి టార్పాలిన్ కట్టాడు. చివరికి ముందు కొక్కానికి మోకు ముడివేసి, మిగతాది చుట్టచుట్టి బానెట్ మీద పెట్టాడు. బండి మునిగాక కొక్కెం కోసం ఎవరు వెతుక్కుంటారు?

భార్య సుబ్బమ్మ టార్చి పట్టుకుని పక్కనే కూర్చుంది.

"నా ఇంజను తినింది చాలక, ఇప్పుడు దీన్నీ తినేదానికి వస్తా ఉండాడు సెల్ఫ్ నాయుడు," అన్నాడు చెంగల్రాయలు.

"పదేండ్లుగా ఆ కత ఊరంతా చెప్తా ఉండావే," అంది సుబ్బమ్మ. "ఆ పొద్దు బండిలో ఎవురు పడుకోని ఉండిందని ఒక్కనాడన్నా చెప్పినావా? పాము కరిచింది నన్ను. మా బావ ఏట్లో దిగింది నాకోసం. ఊరోళ్ళు ఈడ్చి గట్టెక్కిస్తే ఆసుపత్రికి చేరినా. నువ్వొచ్చి మంచం కాడ నిలబడి మొట్టమొదట అడిగింది ఏంది? సెల్ఫ్ కొట్టింది ఎవురని!"

"ఆ టార్చి సరిగ్గా పట్టు."

నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చే కోపం మహా చెడ్డది. చీకటి పడేదాకా ఆ షెడ్డులో సుత్తి చప్పుడు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే లారీ ఏటి గట్టుకు చేరింది. మోకు అందుకోవడానికి పార్థిబన్ అనే రైతు తన ట్రాక్టరుతో ఇవతలి గట్టున నిలబడ్డాడు. వేలూరు పోవడానికి కారు కూడా సిద్ధంగా ఉంది. నీళ్ళ కింద చప్టా కనిపించడం లేదు. దాని పక్కనే ఉన్న ఆ దిక్కుమాలిన స్తంభాలే ఆనవాలు. చెంగల్రాయలు మొదటి గేరులో దిగి, యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తకుండా, గేరు మార్చకుండా అవతలికి పోయాడు. బండి దున్నపోతులా పోయింది.

అవతల సుబ్బరాయుల్ని కుర్చీతో సహా మోసుకొచ్చారు. మొహం ఉబ్బి కళ్ళు పూడుకుపోయాయి. మనిషి ఇంతగా చెడిపోయాడని చెంగల్రాయలు అనుకోలేదు. దాంతో ఆయనకు ఇంకా కోపం వచ్చింది.

"ఎందుకురా ఇంత పని పెట్టుకున్నావు?" అన్నాడు సుబ్బరాయులు.

"లోకేశ్వరీ, మీ నాయన్ని నోరు మూసుకోని కూచోమని చెప్పు," అన్నాడు చెంగల్రాయలు.

సుబ్బరాయులు తమ్ముడి పక్కన, లోకేశ్వరి తలుపు వైపున కూర్చున్నారు. తిరుగుదారిలో సగం దాటి, మూడో స్తంభం దగ్గరికి వచ్చేసరికి పైనుంచి కొబ్బరిమొద్దు ఒకటి కొట్టుకొచ్చి ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని ఢీకొట్టింది. బానెట్ కింద అతుకు ఊడింది. ఇంజను ఒక్క గుటక వేసి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

క్యాబిన్‌లోకి వచ్చిన నీళ్ళు సుబ్బరాయులు వాచిన కాళ్ళను ముంచాయి, సీటును తాకాయి. ఆయన ఊపిరి గురగురమంటోంది. లోకేశ్వరి ఏడుపు అందుకుంది. చెంగల్రాయలుకు అన్న ఊపిరి తప్ప మరేమీ వినపడలేదు. చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయింది. పదేళ్ళు ఊరందరికీ చెప్పిన పాఠం ఆ చేతికి ఒక్క ముక్క కూడా గుర్తులేదు.

వాచిన చెయ్యి ఒకటి వచ్చి ఆయన మణికట్టును పట్టుకుంది.

"వద్దురా. సెల్ఫ్ కొట్టొద్దు."

చెంగల్రాయలు అన్న వైపు చూశాడు.

"ఆ పొద్దు సుబ్బమ్మ కండ్లు తేలేసిందిరా," అన్నాడు సుబ్బరాయులు ఆయాసపడుతూ. "నాకింక ఏమీ తోచలా. కొట్టేసినా."

చెంగల్రాయలు తాళం ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. ఈసారి కోపం తన మీద తనకే వచ్చింది. కిటికీలోంచి బానెట్ మీదికి పాకి మోకు విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి నడుము లోతులోకి దిగి నిలబడిన మనుషులు పట్టుకున్నారు. ట్రాక్టరు లాగింది.

గట్టెక్కగానే పార్థిబన్ నవ్వుతూ అడిగాడు. "ఏమన్నే, సెల్ఫ్ నాయుడు ఈ తూరి కూడా కొట్టేసినాడా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెంగల్రాయలు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"కొట్టబోయింది నేనురా! చెయ్యి పట్టుకోని ఆపింది మా అన్న. ఇంకెవుడన్నా మా అన్నను ఆ పేరు పెట్టి పిలిచినాడంటే పండ్లు రాలగొడతా. పిలిచేదుంటే నన్ను పిలవండి!"

నవ్వినవాళ్ళే ముందుకొచ్చారు. నలుగురూ పట్టి సుబ్బరాయుల్ని కారులో పడుకోబెట్టారు. లారీ బానెట్ నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. దాన్ని అప్పుడే విప్పి నీళ్ళు తోడకపోతే తుప్పు పడుతుంది. ఆ సంగతి చెంగల్రాయలుకు తెలుసు. ఆయన అటు చూడకుండా వచ్చి కారులో అన్న తల పక్కన కూర్చున్నాడు.

సుబ్బరాయులు కళ్ళు తెరిచాడు. "ఇంజను ఏమైందిరా?"

"ఇంజనంట, ఇంజను!" అని అరిచాడు చెంగల్రాయలు. "నోరు మూసుకోని ఊపిరి తీసుకో అన్నా."