డేగకన్ను తగ్గించిన వెలుగు

మందుల పెట్టెల మీద అచ్చయ్యే అక్షరాలను సరిచూసే ఆ ఆఫీసులో ఆమెను అందరూ డేగకన్ను అనేవారు. ఆమె ముందు తప్పుల పప్పులుడకవు. ఒక్క చుక్క జారినా పట్టేస్తుంది, పట్టాక పంపినవాడి దుమ్ము దులిపేదాకా వదలదు. ఆ పేరంటే ఆమెకు లోలోపల మహా ముచ్చట.

కొత్త లైట్లు వచ్చినప్పుడు అవి కళ్ళలో పొడుస్తున్నాయని గొడవ చేసి, గోడకున్న రెగ్యులేటరును సగానికి తిప్పి, ఎవరూ ముట్టుకోకుండా దానిమీద టేపు వేసింది ఆమే. "ఇప్పుడు హాయిగా ఉంది" అంది. ఆమె అన్నాక, హాయిగా లేదనే ధైర్యం ఎవరికుంటుంది?

పక్క బల్ల అమ్మాయికి ఉంది. నెల తిరగకుండానే ఆ అమ్మాయికి తలనొప్పి పట్టుకుంది. మధ్యాహ్నానికల్లా కణతలు నొక్కుకుంటూ కూర్చునేది. చివరికి గదిలోనే నల్లద్దాలు పెట్టుకుంది.

"అక్కా, ఈ లైట్లు వణుకుతున్నట్టున్నాయి."

"వణికేది నీ కళ్ళమ్మా. పొద్దస్తమానం ఫోను చూస్తే అంతే."

కళ్ళ డాక్టరు చూపు బాగానే ఉందన్నాడు. పనిలో మాత్రం అమ్మాయి చేతిలోంచి తప్పులు జారిపోతున్నాయి. ఈ వారంతో సరి, ఇంకొకరిని చూసుకుంటామని మేనేజరు తేల్చేశాడు. అమ్మాయి ఇంటికి ఆ జీతమే ఆధారం.

వారం చివరి రోజున అచ్చుయంత్రం దగ్గరి నుంచి ఒక లేబుల్ వెనక్కి వచ్చింది. పిల్లల మందు మోతాదులో అంకెల మధ్య చుక్క ఎగిరిపోయింది. సరిచూసినట్టు కింద సంతకం డేగకన్నుది.

కోపమొస్తే పెన్నును వేళ్ళ మధ్య టకటకా ఊపడం ఆమె అలవాటు. ఊపుతూ చూసింది. ఒక్క పెన్ను కాదు, విడివిడిగా బోలెడు పెన్నులు. కిటికీ దగ్గరికెళ్ళి ఊపితే అంతా కలిసిపోయిన ఒకటే మసక. మళ్ళీ లైటు కిందికొస్తే మళ్ళీ ముక్కలు. వెలుగు కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతోంది. టేపు పీకి రెగ్యులేటరును పూర్తిగా తిప్పి మళ్ళీ ఊపింది. పెన్నుల ముక్కలు కలిసిపోయాయి. తను హాయి అనుకున్నది, ఆ పిల్లకు తలనొప్పి తెచ్చింది ఇదన్నమాట.

ఆ టేపును గుట్టుగా చెత్తబుట్టలో పడేస్తే అడిగే నాథుడు లేడు. కానీ పక్కన ఆ అమ్మాయి సంచి సర్దుకుంటోంది. డేగకన్నుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. మేనేజరును పిలుచుకొచ్చింది. రెగ్యులేటరును సగానికి తిప్పి, ఆయన చేతికి పెన్ను ఇచ్చి ఊపమంది.

ఆయన ఊపి నోరెళ్ళబెట్టాడు. "మరి ఇన్నాళ్ళ తప్పులు ఎవరివంటారు?"

"నావి. లైట్లు తగ్గించింది నేను, వణుకుతున్నాయన్న పిల్లను కసిరింది నేను. తప్పులు పట్టడమే కదండీ నా పని. ఇదీ పట్టాను. ఆ అమ్మాయిని పంపితే నన్నూ పంపండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎవరూ ఎక్కడికీ పోవద్దు. పనిచూసుకోండి."

డేగకన్ను రెగ్యులేటరును మళ్ళీ పూర్తిగా తిప్పింది. గది భగ్గున తెల్లబడింది. అమ్మాయి మెల్లగా నల్లద్దాలు తీసి, కాసేపు పైకి చూసి, సంచిలోవన్నీ బల్లమీద పెట్టేసింది. డేగకన్ను కళ్ళు చికిలించి చెయ్యి చాపింది.

"ఆ అద్దాలు ఇటివ్వు. ఇకమీదట వాటితో పని నాకే."